పాత కలము – దాని ప్రామాణ్యము

ఖమ్మము నుండి సూర్యాపేటకు పోవు రహదారిలో కుసుమంచి అను గ్రామము కలదు. కాకతీయుల కాలము నాటి గణపేశ్వరాలయము, దానికి సమీపముననే యున్న ముక్కంటేశ్వరాలయము ఆ గ్రామమునకు పేరు తెచ్చినవి. ఆ ఆలయములను గురించి ఒక ప్రసంగమును సిద్ధము చేయు సందర్భమున మేము అక్కడికి వెళ్ళినాము. ఉదయమంతయు రాళ్ళను చూచుటతోనే గడచినది. ఎండ ముదిరిన పిమ్మట ఒక విశ్రాంత ఉపాధ్యాయులవారి ఇంట కొంతసేపు కూర్చున్నాము. మంచినీళ్ళు, మజ్జిగ అయిన తరువాత ఆయన లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగునుండి ఒక గుడ్డమూట తెచ్చి, విప్పి మా చేతిలో ఉంచినారు. అది ఒక లావుపాటి ఫౌంటెన్ పెన్ను. ఒకప్పుడు నల్లనిదే, ఇప్పుడు కాఫీపొడి రంగునకు తిరిగియున్నది.

"ఇది మా తాతగారి పెన్నండీ. రాజమండ్రి రత్నం పెన్ను. ముప్పైరెండు పుష్కరాలకు పోయినప్పుడు అక్కడ కొన్నారని మా నాన్నగారు చెప్పేవారు. మా మనవడు పట్నంలో ఎవరికో చూపిస్తే, గాంధీగారి కాలం నాటిదైతే మంచి ధర ఇస్తామన్నారట. ముందు మెరుగు పెట్టించి, పాళీ మార్పించి తెమ్మన్నారట. అసలిది నిజంగా రత్నం పెన్నేనా? పొద్దుటినుంచి రాళ్ళు చూసి కాలం చెబుతున్నారు కదా, దీన్ని కూడా చూసి చెప్పండి" అని ఆయన అడిగినారు.

ఆ ప్రశ్నలో పరిహాసము కొంత ఉన్నను, న్యాయము కూడ ఉన్నది. శిల్పము యొక్క పనితనమును, శాసనములోని అక్షరముల వంపును, రాతి స్వభావమును చూచి కాలమును నిర్ణయించుట పండితులకు అలవాటైన పని. ఆ పద్ధతి జానెడు పొడవు కూడ లేని కలమునకు మాత్రము ఎందుకు పనికిరాదు? ఆ మధ్యాహ్నము మేము చూచినదానిని, చూచుటకు ఆధారమైన విషయములను శ్రోతల ముందుంచుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. ఇట్టి కలము ఏ ఇంటి పెట్టెలోనైనను ఉండవచ్చును.

ముందుగా రత్నం కలము యొక్క చరిత్ర కొంత తెలిసికొనవలసియున్నది. రాజమహేంద్రవరమునకు చెందిన కోసూరి వెంకటరత్నముగారు లోహపు పనిలో చేయితిరిగినవారు. యౌవనమున, 1921లో, వార్ధాలో గాంధీమహాత్ముని దర్శించి తాము చేసిన పనితనమును చూపగా, సామాన్య జనమునకు నిత్యము ఉపయోగపడు వస్తువునేదైన స్వదేశములో తయారు చేయుమని ఆయన ఉపదేశించినారని ఆ కుటుంబమువారు చెప్పుదురు. వెంకటరత్నముగారు కలమును ఎన్నుకొన్నారు. 1932లో రాజమహేంద్రవరమున రత్నం కలముల తయారీ ప్రారంభమైనది. ఆనాడు బజారులో దొరకు మంచి కలములన్నియు ఇంగ్లండు నుండియు, అమెరికా నుండియు వచ్చునవే. ఖద్దరు ధరించి విదేశీవస్త్రములను వర్జించిన దేశసేవకుని జేబులో కూడ విదేశపు కలమే యుండెడిది.

స్వదేశీ కలమని పేరు పెట్టుట సులభము. నిజముగా స్వదేశీయేనా అని నిర్ణయించుట కష్టము. పెట్టె ఇక్కడిది, పాళీ పరాయిది, క్లిప్పు పరాయిది అయినప్పుడు దానిని ఏమనవలెను? 1934 డిసెంబరులో వార్ధా కేంద్రముగా అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము ఏర్పడినది. దాని బాధ్యతలను వహించిన జె. సి. కుమారప్పగారు ఇట్టి ప్రశ్నలను అడుగుటలో కఠినులు. రత్నం కలము గాంధీగారికి చేరినది ఆ కుమారప్పగారి ద్వారానే. 1935 జూలై 16వ తేదీన గాంధీగారు వార్ధా నుండి వెంకటరత్నముగారికి స్వయముగా లేఖ వ్రాసి కృతజ్ఞత తెలిపినారు. ఆ కలముతో తాము వ్రాసి చూచితిమనియు, బజారులోని విదేశపు కలములకు బదులుగా అది బాగుగానే పనికివచ్చునట్లు తోచుచున్నదనియు ఆ లేఖ యొక్క తాత్పర్యము. అందలి మాటల మితము గమనింపదగినది. వాడి చూచిన పిమ్మటనే ఆయన మెచ్చుకొన్నారు. ఆ మెప్పు కూడ చూచినంతవరకే.

ఆనాటి ప్రశ్న "ఇది స్వదేశీయేనా" అనునది. నేటి ప్రశ్న "ఇది ఆనాటిదేనా" అనునది. రెండింటికిని పరీక్ష ఒక్కటే: పేరును నమ్మక, ఒక్కొక్క భాగమును విడదీసి, అది ఎక్కడిదో, ఎప్పటిదో అడుగుట. కుసుమంచిలో మేము చేసినదియు అంతియే.

కలము యొక్క భాగములు మన ఇండ్లలో అందరికిని తెలిసినవే. సిరాను నింపు గొట్టము, చేతితో పట్టుకొను మెడ, పాళీ, పాళీ క్రింద నాలుక, పైన మూత, మూతకు క్లిప్పు. ఈ అన్నింటిలో నాలుక ముఖ్యమైనది. గొట్టము లోనికి గాలి పోవనిదే సిరా బయటికి రాదు. గాలి ఎక్కువైనచో సిరా ఒక్కమారుగా కారిపోవును. నాలుకపై సన్నని గాళ్ళు తీసి, సిరా దిగుటకును గాలి ఎక్కుటకును దారి కల్పించిన ఏర్పాటునకు అమెరికాలో లూయీ వాటర్‌మన్ అనువారు 1884లో పేటెంటు పొందినారు. నమ్మకముగా వ్రాయు ఫౌంటెన్ పెన్ను లోకములో వ్యాపించినది ఆ పిమ్మటనే. కనుక అంతకు పూర్వపు పెద్దల పేరుతో ఎవరైనను ఇట్టి కలమును చూపినచో, ముందు తేదీలను లెక్కించుకొనుట మంచిది.

ఇక కలము ఏ పదార్థముతో చేయబడినదను ప్రశ్న. రాజమహేంద్రవరపు పాత కలములు ఎబొనైటుతో చేసినవి. ఎబొనైటు అనగా గట్టి రబ్బరు. రబ్బరుతో గంధకమును కలిపి కాచినచో అది దృఢపడునని చార్లెస్ గుడ్ఇయర్ 1844లో పేటెంటు పొందగా, గంధకమును ఇంకను హెచ్చుగా కలిపి కొమ్మువలె గట్టియైన పదార్థమును చేయు పద్ధతికి ఆయన సోదరుడు నెల్సన్ 1851లో పేటెంటు పొందినాడు. ఇది సిరాకు చెడదు, లేతుపై పట్టి చక్కగా తరుగవచ్చును, మరలు కోయవచ్చును. పెద్ద యంత్రశాల అక్కరలేకుండ, ఒక లేతు, కొన్ని ఉలులు, అనుభవముగల చేయి ఉన్నచో చాలును. రాజమహేంద్రవరము వంటి పట్టణమున ఈ పరిశ్రమ నిలుచుటకు ఈ సౌలభ్యమే ఒక ముఖ్యకారణము.

ఎబొనైటును గుర్తించుటకు ముక్కే సాధనము. బొటనవ్రేలితో గట్టిగా కొంతసేపు రుద్ది వాసన చూచినచో గంధకపు వాసన తెలియును. రుద్దినప్పుడు కర్పూరపు వాసన వచ్చినచో అది సెల్యులాయిడు. 1924లో షీఫరు సంస్థ రంగురంగుల సెల్యులాయిడు కలములను తెచ్చిన పిమ్మట ఆ పదార్థము వ్యాపించినది. ఏ వాసనయు లేక తేలికగా నున్నది సాధారణముగా తరువాతి కాలపు ప్లాస్టిక్కు. కొందరు కాల్చిన సూదిని తాకించి పరీక్షింతురు. అది మిక్కిలి ప్రమాదము. సెల్యులాయిడునకు నిప్పు అంటుకొనుట క్షణములో పని. కుసుమంచి కలము గంధకపు వాసననే ఇచ్చినది. ఉపాధ్యాయులవారు కూడ రుద్ది చూచి, "మా చిన్నప్పటి పెన్నులన్నీ ఇదే వాసన" అన్నారు.

అంతకంటె ముఖ్యమైన సాక్ష్యము దాని రంగు. ఎబొనైటు వెలుతురునకును తేమకును గురియైనప్పుడు పైపొరలోని గంధకము మార్పు చెంది నలుపు తగ్గి గోధుమవన్నె తిరుగును. ఇది ఒక దినములో జరుగు పని కాదు. మూత క్రింద దాగియుండు భాగమునకు వెలుతురు తగులదు గనుక అక్కడ నలుపు నిలుచును. మూత తీసి చూచినచో నలుపునకును గోధుమవన్నెకును నడుమ ఒక గీత కనబడును. ఆ గీత మూత అంచుతో సరిపోయినచో, ఆ మూతయు ఆ గొట్టమును చిరకాలము కలిసియున్నవని నమ్మవచ్చును. గీత ఒకచోట, మూత అంచు మరియొకచోట ఉన్నచో, మూత వేరొక కలమునుండి వచ్చినదని అనుమానింపవలెను. మా చేతిలోని కలమున గీత మూత అంచుతో వెంట్రుకవాసి తేడా లేకుండ సరిపోయినది.

పట్టణములో కొనువారు "మెరుగు పెట్టించి తెమ్మన్న" మాట ఇక్కడ జ్ఞాపకము తెచ్చుకొనవలెను. మెరుగు పెట్టుట అనగా పైపొరను తీసివేయుట. పైపొరతో ఆ గీత పోవును. తయారుచేసినవారి ముద్ర పోవును. చెక్కిన పేరు పలుచబడును. ఎనుబది తొంబది సంవత్సరములు కాలము వ్రాసిన సాక్ష్యమును ఐదు నిమిషములలో తుడిచివేసి, ఆ పిమ్మట ఇది పాతదని నమ్మించుటకు ప్రయత్నించుట వింతగా తోచును.

తరువాత పాళీ. మంచి పాళీలను బంగారముతో చేయుట ఆడంబరమునకు కాదు. మన పూర్వులు కరక్కాయల కషాయమును అన్నభేదితో కలిపి నల్లని సిరా చేసికొనెడివారు. భద్రాచలపు అడవులలో విరివిగా దొరకు కరక్కాయయే అందలి ముఖ్యద్రవ్యము. పాశ్చాత్యుల పాత సిరాలు కూడ ఇట్టి ఒగరునకును అన్నభేదికిని కలయికయే. ఆ సిరాలో పులుపు ఉండును. అది ఉక్కును తినివేయును. బంగారమును ఏమియు చేయలేదు. అందువలననే బంగారపు పాళీ. మేలిమి బంగారము మెత్తన గనుక పదునాలుగు కారెట్ల బంగారమును వాడుదురు. దానిపై 14 అనియో, వెయ్యింట బంగారపు పాలును తెలుపు 585 అనియో అంకె ఉండును. కొసకు మాత్రము ఇరీడియము వంటి కఠిన లోహపు చుక్కను అతుకుదురు.

పాళీపైనున్న వ్రాత పెద్ద సాక్షియే. కాని అది పాళీకి మాత్రమే సాక్షి, కలమునకు కాదు. పాళీ విరుగును, వంగును, మార్చుట సులభము. కుసుమంచి కలము యొక్క పాళీ బంగారు పూత పోయిన ఉక్కు పాళీ. దానిపై "పశ్చిమ జర్మనీ" అని అర్థమిచ్చు ఆంగ్లపదములు కలవు. ఆ పేరుగల రాజ్యము 1949లో ఏర్పడి, 1990లో జర్మనీ ఏకమగుటతో అంతరించినది. కనుక ఆ పాళీ 1932 నాటిది కాదు, 1935 నాటిది కూడ కాదు. ఇది విని ఉపాధ్యాయులవారి ముఖము చిన్నబోయినది. కొంతసేపు ఊరకుండి, "అవునండీ. ఇప్పుడు గుర్తొచ్చింది. నా హెచ్చెస్సీ పరీక్షల ముందు నాన్నగారు ఖమ్మం తీసుకుపోయి పాళీ వేయించి ఇచ్చారు. అసలు పాళీ విరగ్గొట్టింది నేనే" అన్నారు.

ఈ ఒక్క మాటతో ఆ పాళీ సంగతి మారిపోయినది. మోసగించుటకు వేసిన పాళీ వేరు, వాడుకకై వేసిన పాళీ వేరు. వస్తువు రెండింటిలోను ఒక్కటే. దానితో చెప్పబడు కథ వేరు. నాలుగు కలముల ముక్కలను చేర్చి ఒక పాత కలముగా అమ్ముట వ్యాపారములో కలదు. ఆ నాలుగు ముక్కలు వేర్వేరు కాలములవని చెప్పి అమ్మినచో తప్పేమియు లేదు. చెప్పకుండుటయే అసత్యము. పాళీ మార్చినారని వ్రాసియుంచుకొన్న కుటుంబమువారి కలము, ఏమియు మార్చలేదని ప్రమాణము చేయు అంగడివాని కలము కంటె విశ్వసనీయము.

విదేశపు కలముల విషయములో తేదీని తెలుపు గుర్తులు ఇంకను ఉన్నవి. పార్కరు 51 అను కలము 1941లో అమెరికా బజారులోనికి వచ్చినది. దాని పాళీ కొస మాత్రమే కనబడునట్లు కప్పబడియుండును. ఆ తీరు అప్పటినుండియే ప్రజాదరణ పొందినది. ఉప్పు సత్యాగ్రహము నాటిదని చెప్పు కలమునకు అట్టి కప్పిన పాళీ ఉన్నచో ఆ కథ నిలువదు. రెండవ ప్రపంచయుద్ధమున ఓడిన జపాను విదేశసైన్యముల ఆధీనములో ఉన్న కాలమున, అక్కడినుండి ఎగుమతియైన వస్తువులపై ఆ సంగతిని తెలుపు ముద్ర వేయబడెడిది. అదియు ఒక కాలనిర్ణయమే. "ఇరీడియం పాయింట్" అను మాట మాత్రము ఏ ఒక్క సంస్థకును చెందినది కాదు; చౌకపాళీలపై కూడ ఉండును. దానిని చూచి మురియనక్కరలేదు.

మన దేశపు కలములకు కాగితపు సాక్ష్యము ఎక్కువగా ఉపకరించును. పెన్ను పెట్టెను, అందలి చీటీని పారవేయరాదని మేము శ్రోతలను ప్రత్యేకముగా కోరుచున్నాము. ధర అణాలలో నున్నచో ఆ చీటీ 1957 ఏప్రిలు 1వ తేదీకి పూర్వపు లెక్కను తెలుపుచున్నది. నయాపైసలలో నున్నచో 1957 నుండి 1964 వరకు గల కాలమును తెలుపును. 1964 జూనులో ఆ నాణెము పేరునుండి "నయా" తొలగింపబడినది. చిరునామాలో ఆంధ్రప్రదేశ్ అని యున్నచో 1956 నవంబరు 1వ తేదీకి తరువాతిది. ఆరు అంకెల పిన్‌కోడ్ ఉన్నచో 1972 ఆగస్టు 15వ తేదీకి తరువాతిది. రాజమహేంద్రవరము అను పేరు మాత్రము నమ్మదగిన గుర్తు కాదు. 2015లో ప్రభుత్వము ఆ పేరును అధికారికముగా పునరుద్ధరించిన మాట నిజమే కాని, తెలుగువారు ఆ పేరును ఎన్నడును విడిచినవారు కారు.

ఖమ్మము ప్రాంతపువారికి ఇంకొక గుర్తు కలదు. ఆనాడు కుసుమంచి నిజాం రాజ్యములోనిది. రాజమహేంద్రవరము మదరాసు రాజధానిలోనిది. నేడు బస్సులో కొన్ని గంటల ప్రయాణమైన ఆ రెండు ఊళ్ళ నడుమ నాడు రాజ్యముల ఎల్ల ఉండెడిది; కరోడ్‌గిరి అను సుంకపు నాకా ఉండెడిది; నాణెము కూడ వేరు. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు రూపాయి. తాతగారి జమాఖర్చు పుస్తకములో కలము వెల కల్దారులలో వ్రాసియున్నచో, అది ఎల్లకు ఆవల కొన్నదని ఊహించుటకు బలము చేకూరును. భద్రాచలము సంగతి మరియొక తీరు. అది 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిదే. రాజమహేంద్రవరపు సరకు ఆ ఊరికి గోదావరి మీదుగనే, సుంకపు ఎల్ల దాటకుండ చేరగలదు. ఒకే రకపు కలము భద్రాచలపు ఇంట దొరకుటకును, కుసుమంచి ఇంట దొరకుటకును అందువలన అర్థము వేరు.

ఇప్పుడు తయారుచేసినవారి ముద్ర. రాజమహేంద్రవరమున రత్నం, రత్నంసన్ అను పేర్లు మాత్రమే కాక, 1946 నుండి గైడరు అను పేరును వినబడుచున్నది. ఒకే ఊరిలో, ఒకే పదార్థముతో, ఇంచుమించు ఒకే తీరుగా చేయబడిన కలములను రూపమును బట్టి ఒకరివని చెప్పుట సాహసము. ముద్ర చదువవలసినదే. ముద్ర అరిగియున్నప్పుడు కలమును కిటికీ వద్ద ఏటవాలు వెలుతురులో మెల్లగా త్రిప్పవలెను. ఆలయములో అరిగిన శాసనమును ఉదయపు ఎండలోనో సాయంకాలపు ఎండలోనో చదువుటకు కారణమును ఇదియే. ఏటవాలు వెలుతురులో పల్లములు నీడపట్టి కనబడును. కుసుమంచి కలముపై అట్లు చూచినప్పుడు ఆంగ్లలిపిలో రత్నం అను పేరులోని మొదటి అక్షరములును, క్రింది వరుసలో ఊరి పేరు యొక్క చివరి అక్షరములును బయటపడినవి. మెరుగు పెట్టినచో మొదట పోవునవి ఆ అక్షరములే.

ముద్రకు ఎదురువైపున గొట్టముపై తెలుగు అక్షరములతో ఒక పేరు చెక్కియున్నది. అది తాతగారి పేరు. దాని క్రింద 1345 అను అంకె ఉన్నది. పట్టణములోనివారు దానిని కలము యొక్క వరుససంఖ్య అనుకొన్నారట. ఉపాధ్యాయులవారు కూడ అట్లే తలచియుండిరి. మేము కొంచెముసేపు ఆలోచించి, "తాతగారు ఏమి పని చేసెడివారు?" అని అడిగినాము. "బడిపంతులండీ. పట్వారీగారికి లెక్కలు కూడా రాసిపెట్టేవారు" అని ఆయన చెప్పినారు.

లెక్కలు వ్రాయువారికి ఫసలీ సంవత్సరము నిత్యవ్యవహారము. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. 1345 ఫసలీ అనగా 1935వ సంవత్సరమున మొదలై 1936లో ముగిసినది. ఫసలీని నిజాం రాజ్యమునను, మదరాసు రాజధాని యొక్క భూమిశిస్తు లెక్కలలోను కూడ వాడెడివారు. అయితే ఆరంభదినము వేరు. మదరాసులో జూలై 1వ తేదీ. హైదరాబాదులో ఆజూరు మాసముతో, అక్టోబరు మొదటివారమున. ఆ చెక్కడము ఎల్లకు ఏ వైపున జరిగినను, 1935 జూలైకి ముందు కాదు, 1936 అక్టోబరునకు తరువాత కాదు. గాంధీగారి లేఖ 1935 జూలై నాటిదని ఇంతకుముందు చెప్పియున్నాము. ఆ లేఖ వ్రాసిన దినమునకు ఏడాదికి కొంచెము అటునిటుగా ఈ పేరు చెక్కబడినది.

ఆ చెక్కడము పాతదేనా అను అనుమానము సహజము. దానికిని పరీక్ష కలదు. రంగు తిరిగిన ఎబొనైటుపై నేడు చెక్కినచో, గీతల అడుగున మారని నలుపు బయటపడును. చెక్కిన అక్షరములు చుట్టుపక్కల కంటె నల్లగా మెరయును. చాలకాలము క్రిందట చెక్కినదైనచో గీతల అడుగు కూడ రంగు తిరిగియుండును. అంచులు చేతిలో అరిగి మొద్దుబారియుండును. తాతగారి పేరులోని గీతల అడుగు గోధుమవన్నెకే తిరిగియున్నది, అంచులు నున్నబడియున్నవి.

అయినచో 1932 పుష్కరముల మాట ఏమైనట్లు? ఆ సంవత్సరము గోదావరికి పుష్కరములు వచ్చిన మాట వాస్తవమే. తాతగారు వెళ్ళియుండవచ్చును. కలము ఆనాడే కొని, పేరును తరువాత చెక్కించుకొనియుండవచ్చును. లేదా మరియొకమారు వెళ్ళినప్పుడు కొనియుండవచ్చును. రెండు ప్రయాణములు ఇంటివారి జ్ఞాపకములో ఒకటిగా కలిసిపోవుట అరుదు కాదు. వస్తువు చెప్పునది మొదటి సాక్ష్యము, కాగితము చెప్పునది రెండవది, నోటిమాట మూడవది. మూడవదానిని పారవేయనక్కరలేదు, మొదటిదానిపై కూర్చుండబెట్టరాదు. "ఇది రత్నం ముద్రగల ఎబొనైటు కలము, మూత, గొట్టము మొదటినుండి కలిసియున్నవి, పేరు చెక్కినది 1935–36, పాళీ తరువాతిది. 1932లో కొన్నారని ఇంటివారి మాట." అని మేము ఒక కాగితముపై వ్రాసి ఇచ్చినాము. ఉపాధ్యాయులవారు దానిని రెండుమారులు చదువుకొన్నారు.

చదివి, "మరి వెల తగ్గుతుందా?" అని అడిగినారు. వెల సంగతి మాకు తెలియదని చెప్పి, వేరొక సంగతి మనవి చేసినాము. 1935లో హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వ వ్యవహారభాష ఉర్దూ. తెలుగువారు తమ భాషకై గ్రంథాలయములను, పత్రికలను నిలుపుకొనుచున్న కాలమది. సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926లో పుట్టినది. 1934లో మూడవ ఆంధ్ర మహాసభ ఇక్కడికి దగ్గరనే, ఖమ్మములో, పులిజాల వెంకటరంగారావుగారి అధ్యక్షతన జరిగినది. అట్టి కాలమున కుసుమంచిలోని ఒక బడిపంతులు, ఎల్ల దాటి వచ్చిన స్వదేశీ కలమును సంపాదించి, దానిపై తన పేరును తెలుగు అక్షరములలో చెక్కించుకొన్నారు. క్రింద మాత్రము సర్కారు లెక్కల సంవత్సరమును వేయించుకొన్నారు. రెండు అంగుళముల చోటులో ఆయన భాష, ఆయన ఉద్యోగము, ఆయన కాలము మూడును ఉన్నవి. మెరుగు పెట్టువాడు వీనిని ఎట్లు మిగిల్చును?

ఇంటింటను బాల్‌పెన్ను వచ్చిన పిమ్మట సిరాకలములు పెట్టెలలోనికి పోయినవి. పెట్టెలలో నున్నందుననే కొన్ని మిగిలినవి. అట్టి కలము కనబడినప్పుడు చేయవలసిన పనులు కొద్దియే. సిరా గట్టిపడియున్నచో మెడను, పాళీని మాత్రము చల్లని నీటిలో నానబెట్టవలెను. వేడినీరు, స్పిరిటు తగులనీయరాదు. ఎబొనైటు గొట్టమును మొత్తముగా నీటిలో ముంచినచో రంగు ఇంకను చెడును. మర బిగిసినచో శ్రావణముతో త్రిప్పరాదు, ఓపికతో నానబెట్టవలెను. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, వెలుతురు తగులని చోట ఉంచవలెను. ఎవరిది, ఎవరు చెప్పగా తెలిసినది, ఏ భాగము ఎప్పుడు మార్చినారు అను నాలుగు మాటలు కాగితముపై వ్రాసి కలముతోపాటే కట్టిపెట్టవలెను. ఆ కాగితము లేనిచో తరువాతి తరమునకు మిగులునది వట్టి నల్లని గొట్టమే.

మేము సెలవు తీసికొనునప్పటికి ఎండ చల్లబడినది. ఉపాధ్యాయులవారు మేము వ్రాసి ఇచ్చిన కాగితమును మడవక, వెనుకవైపు త్రిప్పి, తమ బాల్‌పెన్నుతో ఏదో వ్రాయసాగినారు. ఏమని అడుగగా, "పాళీ విరగ్గొట్టింది నేనే అని రాస్తున్నానండీ. అదొక్కటీ చెప్పేవాళ్ళు నా తరవాత ఎవరూ ఉండరు కదా" అన్నారు. మనవనికి కబురు పంపి, మెరుగు పెట్టించు పనిని మానిపించెదనని కూడ చెప్పినారు. కలమును మరల గుడ్డలో చుట్టి, ఆ కాగితమును దానిపై ఉంచి, పెట్టె మూసినారు.